లోకం విరిగిన తర్వాత మొదలయ్యే ఆట: ‘ఫైనల్ ఫాంటసీ 6’ మలుపును అర్థం చేసుకోవడం

ఫాంటసీ ఆటల్లో మామూలుగా ఒక దుర్మార్గుడు ఉంటాడు. లోకాన్ని నాశనం చేస్తానంటాడు. ఆఖరి నిమిషంలో మనం వెళ్లి ఆపుతాం. ‘ఫైనల్ ఫాంటసీ 6’లో మాత్రం వాడు అన్నంత పనీ చేసేస్తాడు, అదీ ఆట మధ్యలోనే. ఖండాలు ముక్కలవుతాయి, ఊళ్లు కూలిపోతాయి, అప్పటిదాకా మనతో నడిచిన మిత్రులంతా తలో దిక్కుకు చెదిరిపోతారు. ఆట అయిపోయిందనుకుంటాం. నిజానికి అప్పటికి సగమే అయింది.

ఈ ఆట 1994 ఏప్రిల్‌లో జపాన్‌లో సూపర్ ఫామికామ్ అనే గేమ్ యంత్రం మీద వచ్చింది. అంతకుముందు భాగాల్లో కొన్ని అమెరికాలో విడుదల కాలేదు కాబట్టి అదే ఏడాది అక్కడ ‘ఫైనల్ ఫాంటసీ 3’ అనే పేరుతో అమ్మారు. దర్శకులు యోషినోరి కితాసే, హిరోయుకి ఇతో. సంగీతం నోబువో ఉఎమత్సు. ఇప్పుడు మెరుగుపరిచిన రూపంలో కంప్యూటర్ ఆటలమ్మే స్టీమ్‌లోనూ ఫోన్లలోనూ దొరుకుతోంది కాబట్టి, ఆ రోజుల్లో సూపర్ ఫామికామ్‌ని కంటితో కూడా చూడని మనలాంటివాళ్లు దీన్ని తీరిగ్గా ఆడుకోవచ్చు. ఆడుదామనుకుంటున్నవాళ్లకు ముందే చెప్తున్నాను: కథలోని పెద్ద మలుపులన్నీ ఈ వ్యాసంలో బయటపడతాయి.

లోకాన్ని విరిచే ఆ దుర్మార్గుడి పేరు కెఫ్కా. గాల్లో తేలే ఖండం మీద జరిగే ఈ ఘట్టాన్ని చాలామంది ‘కెఫ్కా గెలిచాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది సంఘటన మాత్రమే. అసలు విశేషం ఆ తర్వాత ఆట నియమాలు మారిన తీరులో ఉంది. కథ ఏం చెప్తోందో ఆడే పద్ధతి కూడా అదే చెప్తుంది. అది తెలియాలంటే ముందు, కెఫ్కా కదిపి లోకాన్ని విరిచే మూడు విగ్రహాల సంగతి తేల్చుకోవాలి. మొదటిసారి ఆడేవాళ్లకు ఎక్కువగా గందరగోళం కలిగించేది అదే.

మూడు విగ్రహాలు, ఇద్దరు దుర్మార్గులు

ఎప్పుడో ముగ్గురు దేవతలు తమలో తాము పోట్లాడుకున్నారు. ఆ పోరులో మనుషుల్ని ఎస్పర్లనే మాంత్రిక జీవులుగా మార్చి సైనికుల్లా వాడుకున్నారు. చివరికి తాము చేసిన ఘోరం తెలిసొచ్చి, ఒకరి శక్తిని ఇంకొకరు అణిచిపెట్టేలా ఎదురెదురుగా నిలబడి రాళ్లైపోయారు. ఆ శక్తి ఎక్కడికీ పోలేదు, ఒకదాన్నొకటి పట్టుకుని ఆగిపోయింది, అంతే. పొయ్యికి పెట్టిన మూడు రాళ్లలో ఒకటి పక్కకు జరిగితే కుండ నిలవనట్టే, ఆ విగ్రహాల్ని కూడా ఎవరూ పగలగొట్టక్కర్లేదు. ఉన్న చోటు నుంచి కాస్త కదిపితే చాలు.

వెయ్యేళ్ల కింద జరిగిన మంత్రయుద్ధం తర్వాత లోకంలో మాయ మాయమైపోయింది. ఆట మొదలయ్యేనాటికి మిగిలినవి ఇనుము, తుపాకిమందు, ఆవిరి యంత్రాలు. గెస్టాల్ చక్రవర్తి ఎస్పర్లను పట్టుకొచ్చి, వాటి శక్తిని పిండి, యంత్రాల్లోకీ మనుషుల్లోకీ ఎక్కిస్తుంటాడు. అలా శక్తి ఎక్కించుకున్న మొదటి సైనికుడు కెఫ్కా. ఆ పద్ధతి ఇంకా పూర్తిగా కుదరని రోజులవి. శక్తయితే వచ్చింది గానీ మతి పోయింది. తర్వాత అదే విద్యతో తయారైన సేనాని సెలెస్. సామ్రాజ్యాన్ని వదిలేసి మన పక్షానికి వస్తుంది.

కెఫ్కాని ఆట మనకు నవ్వుకునే మనిషిగా పరిచయం చేస్తుంది. విదూషకుడి వేషం, వికారమైన నవ్వు. ఎడారి మధ్యలో నిలబడి బూట్లకంటిన ఇసుక తుడవమని సైనికుల మీద అరుస్తాడు. కాసేపటికి డోమా కోట చుట్టూ ఉన్న నీళ్లలో విషం కలిపి, లోపలున్న జనాన్నంతా చంపేస్తాడు. తర్వాత మనతో కలిసే డోమా యోధుడు సయాన్ భార్య, చిన్న కొడుకు కూడా అందులోనే పోతారు. ఆ తర్వాత థమాసా ఊరిలో, సామ్రాజ్యంలో కాస్త నీతి ఉన్న ఒకే ఒక్క సేనాని లియోని కూడా పొట్టన పెట్టుకుంటాడు. ఇంత జరిగినా మన కళ్లు చక్రవర్తి మీదే ఉంటాయి. కథకు అసలు శత్రువు అతనే కదా అనుకుంటాం.

గెస్టాల్‌కి కావాల్సింది రాజ్యం. ఏలుకోవడానికి లోకం మిగలాలి కాబట్టి, విగ్రహాల శక్తిని భయపెట్టడానికి వాడతాడే తప్ప కట్టు తెంచడు. కెఫ్కాకి ఏలుకోవాలన్న ఆశ కూడా లేదు. ఖండం మీద వాళ్లిద్దరూ మన ఎదుట నిలబడినప్పుడు, మిత్రుల్ని చంపితే మళ్లీ చేర్చుకుంటామని సెలెస్ చేతికి కత్తి ఇస్తారు. ఆమె ఆ కత్తితో కెఫ్కానే పొడుస్తుంది. తన రక్తం తాను చూసుకుని వాడు పిచ్చెత్తిపోతాడు. విగ్రహాల శక్తిని రెచ్చగొట్టడం మొదలుపెడతాడు. ‘వద్దు, ఇంకా ఎక్కువైతే ఏలడానికి ఏమీ మిగలదు’ అన్న ధోరణిలో చక్రవర్తి అడ్డు వస్తే, అతన్ని కూడా చంపి ఖండం మీది నుంచి కిందికి తోసేస్తాడు. తర్వాత విగ్రహాల్ని కదుపుతాడు.

ఇక్కడ సెలెస్ చేసింది ముమ్మాటికీ సరైన పనే. పొడవకపోతే ద్రోహమయ్యేది. కానీ ఆ సరైన పనే వాడిలో చివరి పిచ్చిని లేపింది. మంచి పని చేస్తే మంచే జరుగుతుందన్న హామీని ఆట ఈ ఒక్క దృశ్యంతో వెనక్కి తీసుకుంటుంది. రెండో సగమంతా ఆ హామీ లేకుండానే ఆడాలి.

ఆరు నిమిషాలు, అంచు మీద ఐదు సెకన్లు

ఇప్పుడు ఆడే విషయానికి వద్దాం. ఖండం మీదికి మనతో ముగ్గుర్నే తీసుకెళ్లనిస్తారు. నాలుగో చోటు ఎందుకు ఖాళీగా ఉంచారో పైకి వెళ్లగానే తెలుస్తుంది: నల్లముసుగు కిరాయి హంతకుడు షాడో అక్కడ దెబ్బలు తిని పడి ఉంటాడు. వాడుకున్నన్నాళ్లు వాడుకుని సామ్రాజ్యమే అతన్ని వదిలించుకుంది. లేపితే మనతో వస్తాడు. విగ్రహాల దగ్గరికి చేరకముందే, డబ్బుకు అమ్ముడుపోయిన తనకు మీ పక్కన నిలబడే అర్హత లేదన్నట్టుగా మాట్లాడి విడిపోతాడు.

విగ్రహాలు కదిలాక అతనే మళ్లీ ఊడిపడి కెఫ్కాకి అడ్డు నిలబడతాడు. మనల్ని పారిపొమ్మంటాడు. అప్పుడు తెర మీద గడియారం మొదలవుతుంది: ఆరు నిమిషాలు. ఖండం కూలుతుంటుంది, దారిలో శత్రువులు ఎదురవుతూనే ఉంటారు, సమయం అయిపోతే ఆట అక్కడితో ముగిసిపోతుంది. చేతులు చెమట పట్టే టెన్షన్. ఎలాగో అంచుకి చేరతాం. కింద మన విమానం కాచుకుని ఉంటుంది. ఆట అడుగుతుంది: దూకుతారా, ఆగుతారా?

షాడో బతకాలంటే ఆగాలి. అతను వచ్చేది గడియారంలో ఐదు సెకన్లు మిగిలినప్పుడు. ఒక్క సెకను ముందు కూడా రాడు. ఎవరూ చెప్పకపోతే చాలామంది దూకేస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఇంతదాకా షాడో గురించి ఆట మనకు నేర్పిందేమిటో గుర్తు చేసుకోండి. అతను డబ్బుకి వస్తాడు, ఏదో ఒక పోరు ముగిశాక చెప్పాపెట్టకుండా వెళ్లిపోతాడు. అతని మీద ఆధారపడకూడదని గంటల తరబడి ఆడి నేర్చుకున్నాం. ఇప్పుడు అదే ఆట, ఆ అలవాటుకు పూర్తిగా ఎదురుగా, ప్రాణాలు పణంగా పెట్టి అతని కోసం ఆగగలవా అని అడుగుతోంది. వస్తాడన్న సూచన ఒక్కటీ ఇవ్వదు. ఇంత చిన్న మెనూలో ఇంత పెద్ద ప్రశ్న పెట్టిన ఆట ఆ కాలంలో ఇంకొకటి నాకు కనిపించలేదు.

దూకేస్తే ఏమవుతుంది? షాడో శాశ్వతంగా పోతాడు. ఆ మాట మాత్రం ఆట మనతో చెప్పదు. ‘నువ్వు ఆగి ఉంటే బతికేవాడు’ అని ఎవరూ నిందించరు. తర్వాత ఎప్పుడో, వెల్ట్ అనే మైదానం పక్కనున్న గుహలోకి వెళ్తే, లోపల ఒకరు గాయపడి పడి ఉంటారు. అంచు దగ్గర ఆగినవాళ్లకు అక్కడ కనిపించేది షాడో. దూకినవాళ్లకు కనిపించేది రెల్మ్ అనే చిన్నపిల్ల. దూకినవాళ్లు సంతోషంగా రెల్మ్‌ని తీసుకుని వచ్చేస్తారు. తాము పోగొట్టుకున్నది ఏదో ఉందని కూడా వాళ్లకు తెలియదు.

దీని వెనక ఇంకో పొర ఉంది. సత్రాల్లో పడుకున్నప్పుడు అప్పుడప్పుడు షాడో కలలు కనిపిస్తాయి. అతని పాత పేరు, చావుబతుకుల్లో వదిలేసి వచ్చిన స్నేహితుడు, థమాసా ఊరు, అక్కడొక ఇల్లు. షాడోని తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వని అతని కుక్క రెల్మ్ దగ్గర మాత్రం మచ్చికగా ఉంటుంది. అన్నీ కలిపి చూస్తే రెల్మ్ అతని కూతురేనని ఆట చెప్పకనే చెప్తోంది. అంటే ఆ గుహలో ఒకే చోట తండ్రో కూతురో ఎవరో ఒకరే కనిపిస్తారు. ఎవరన్నది, ఎప్పుడో ఆ అంచు మీద మనం నొక్కిన బటన్ నిర్ణయిస్తుంది.

ఖండం ఎక్కబోయే ముందు విడిగా ఒక సేవ్ పెట్టుకోండి, దాని మీద ఇంకోటి రాయకండి. పాత లోకంలో మాత్రమే దొరికేవి కొన్ని ఉన్నాయి. 1994 నాటి రూపంలో మన మిత్రుల్లో ఒకడైన మాగ్ నేర్చుకునే నీటి నాట్యం అలాంటిదే, తర్వాత దొరకదు. దీనికి ఎదురు సంగతీ ఒకటుంది: సౌత్ ఫిగారో గుహ లాంటి చోట్ల కొన్ని పెట్టెల్ని ఇప్పుడు తెరవకుండా వదిలేస్తే, లోకం మారాక వాటిలోనే ఇంకా విలువైన వస్తువులు దొరుకుతాయి. అంతకు మించి ముందుజాగ్రత్తల జాబితాలు చదవడం వల్ల మొదటిసారి ఆడే అనుభవం పలచబడుతుందనే నా అభిప్రాయం.

చావబోతున్న శత్రువులు

లోకం చీలిపోతుంది, విమానం గాల్లోనే రెండు ముక్కలవుతుంది, తెర నల్లబడుతుంది. ఒక ఏడాది గడిచాక చిన్న దీవిలో సెలెస్ కళ్లు తెరుస్తుంది. అక్కడ ఉన్నది ఆమె, ముసలి శాస్త్రవేత్త సిడ్, ఇద్దరే. అప్పటిదాకా నలుగురి గుంపుతో ఆడిన మన చేతిలో ఇప్పుడు ఒక్క మనిషే ఉంటుంది.

బయటికి వస్తే నేల ఎర్రగా ఎండి ఉంటుంది. ప్రపంచ పటం మీద తిరిగేటప్పుడు ఇన్నాళ్లూ వినిపించిన, మన మిత్రురాలు టెర్రా పేరుతో ఉన్న పాట పోయి, గాలి హోరు, దాని మీద నీరసంగా సాగే స్వరం వినిపిస్తాయి. దీవి మీద శత్రువులు ఎదురవుతారు. కత్తి దూసి చూస్తే, మనం కొట్టకుండానే వాటి ప్రాణం కాస్త కాస్త తగ్గిపోతూ ఉంటుంది. కాసేపు ఊరికే నిలబడితే వాటంతట అవే చచ్చిపోతాయి. ఒక్క సంభాషణ లేకుండా, పోరాట నియమంతోనే ‘ఈ లోకంలో బతుకు నిలవడం లేదు’ అని చెప్పడమంటే ఇదే. రెండో సగంలో నాకు అన్నిటికంటే గట్టిగా తగిలిన చోటు ఇదే.

సిడ్ జబ్బున పడతాడు. సెలెస్ అతన్ని తాతయ్యా అని పిలుస్తుంది. ఒడ్డున చేపలు పట్టి అతనికి పెట్టాలి. వేగంగా ఈదే చేపలు మంచివి, మెల్లగా కదిలేవి చెడ్డవి. ఈ సంగతి ఎవరూ చెప్పరు, కనిపించని లెక్క ఒకటి లోపల నడుస్తుంటుంది, ఆలస్యం చేసిన కొద్దీ అతని పరిస్థితి దిగజారుతుంది. మంచి చేపలు త్వరత్వరగా పెట్టగలిగితే సిడ్ కోలుకుని, తాను తయారు చేసిన తెప్పను చూపించి, వెళ్లి మీవాళ్లను వెతుక్కో అంటాడు. లేకపోతే పోతాడు. అప్పుడు ఆశ మొత్తం వదులుకున్న సెలెస్ కొండ అంచు దాకా వెళ్తుంది. ప్రాణం పోదు. ఒడ్డున మెలకువ వచ్చేసరికి పక్కన గాయపడ్డ పక్షి ఒకటి ఉంటుంది, దాని గాయానికి ఎవరో కట్టు కట్టి ఉంటారు. ఆ గుడ్డ మన మిత్రుడు లాక్ తలకు కట్టుకునేది. ఎక్కడో అతను బతికే ఉన్నాడు, ఇంత జరిగాక కూడా ఒక పక్షికి కట్టు కట్టే మనిషిగానే ఉన్నాడు.

విచిత్రమేమిటంటే, సిడ్‌ని బాగా చూసుకున్నవాళ్లకు ఆ పక్షి కనిపించదు. ‘సరిగ్గా’ ఆడితే తెప్ప ఒక మంచి మాటతో చేతికొస్తుంది, పోగొట్టుకుంటే ఆటలోని గొప్ప దృశ్యాల్లో ఒకటి దక్కుతుంది. ఏది ఎంచుకోవాలని అడిగితే, మొదటిసారి ఏ గైడూ చూడకుండా మీ చేతికి దొరికిన చేపలే పెట్టండి అంటాను. ఏది జరిగినా అది మీ కథ.

తెప్ప మీద ఒడ్డుకు చేరాక కొద్ది దూరంలో జెన్ అనే ఊరు వస్తుంది. కెఫ్కా తన గోపురం మీది నుంచి వేసే కాంతి దెబ్బకు ఒక ఇల్లు కూలబోతుంటే, మన మిత్రుల్లో ఒకడైన సేబిన్ ఆ గోడల్ని తన చేతులతో ఆపి పట్టుకుని నిలబడి ఉంటాడు. లోపల ఒక బిడ్డ ఇరుక్కుపోయి ఉంది. గడియారం మళ్లీ మొదలవుతుంది. మళ్లీ ఆరు నిమిషాలు. తేలే ఖండం మీద అదే గడియారం మనల్ని కూలే చోటు నుంచి బయటికి పరిగెత్తించింది. ఇక్కడ కూలే చోటులోకి పంపిస్తోంది, అదీ పేరు కూడా తెలియని ఒక పిల్లవాడి కోసం. ఇది యాదృచ్ఛికమని నేను అనుకోను. మొదటి గడియారం భయంతో నడిచింది, రెండోది సెలెస్ తనంతట తాను ఎంచుకుంటే నడుస్తుంది. సేబిన్‌ని దాటుకుని వెళ్లిపోయినా ఆట అడ్డుకోదు మరి.

ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పరు

తర్వాత చెదిరిపోయిన మిత్రుల్లో ఎడ్గర్ దొరుకుతాడు, దొంగల నాయకుడిగా మారువేషంలో. విమానం పోగొట్టుకుని కోలింగన్ ఊరి సారాకొట్టులో కూర్చున్న సెట్జర్ దొరుకుతాడు. చనిపోయిన స్నేహితురాలి సమాధిలో దాచిన ఆమె విమానం ‘ఫాల్కన్’ని అతను బయటికి తీస్తాడు. అది గాల్లోకి లేవగానే పటం మీది సంగీతం కూడా మారుతుంది, ఏడ్చి ఏడ్చి లేచి నిలబడ్డ మనిషి గొంతులా ఉండే ఒక రాగం మొదలవుతుంది. ఇక అక్కడి నుంచి ఆట మన చెయ్యి పూర్తిగా వదిలేస్తుంది.

మొదటి సగంలో కథ మనల్ని చెయ్యి పట్టుకుని నడిపించింది: ఇప్పుడు ఈ కోట, తర్వాత ఆ పట్నం. ఇప్పుడు లక్ష్యం ఒక్కటే కనిపిస్తుంది, లోకం నడిమధ్య లేచిన కెఫ్కా గోపురం. ఎక్కడికైనా వెళ్లొచ్చు, ఏ క్రమంలోనైనా వెళ్లొచ్చు. సెలెస్, ఎడ్గర్, సెట్జర్ ముగ్గురే ఉన్నా నేరుగా గోపురం మీదికి దూకొచ్చు. ఆడదగిన 14 మందిలో మిగతా 11 మందినీ వెతకాలన్న నిబంధన ఎక్కడా లేదు. అంతకుముందు 1991లో వచ్చిన ‘ఎ లింక్ టు ద పాస్ట్’ అనే జెల్డా ఆటలో వెలుగు లోకం, చీకటి లోకం ఉన్నాయి గానీ అద్దం చూపించి వెనక్కి రావచ్చు. 1992 నాటి ‘ఫైనల్ ఫాంటసీ 5’లో కూడా మధ్యలో లోకాలు కలిసిపోయి పటం మారుతుంది, అయినా కథ దారి చూపిస్తూనే ఉంటుంది. ఇక్కడ వెనక్కి దారీ లేదు, ముందుకు దారీ ఎవరూ చూపరు. లోకాన్ని నడిపే అధికారం కూలిపోయాక మనుషులు ఎలా ఉంటారో, ఆడేవాడూ సరిగ్గా అలాగే ఉంటాడు.

ఈ స్వేచ్ఛలోనే రెండో సగం అసలు ప్రశ్న ఉంది. మొదటి సగమంతా ‘లోకాన్ని ఎలా కాపాడాలి’ అని పరిగెత్తాం, కాపాడలేకపోయాం. ఇప్పుడు కనిపించే ప్రతి మిత్రుడూ ఇంకో ప్రశ్నతో కుస్తీ పడుతుంటాడు: ఇంత పోయాక బతకడం ఎందుకు?

సయాన్‌నే చూడండి. భార్యాబిడ్డల్ని పోగొట్టుకున్న మనిషి. జోజో కొండ మీద ఒంటరిగా ఉంటూ, మరాండా ఊళ్లో లోలా అనే అమ్మాయికి ఉత్తరాలు రాస్తుంటాడు. ఆమె ప్రియుడు ఎప్పుడో చనిపోయాడు. అతని పేరుతోనే ఉత్తరాలు రాస్తూ, పట్టుతో చేసిన పూలు పంపుతుంటాడు. ఆమె నిజాన్ని ఒప్పుకోలేకపోతోందని అతనికి అర్థమైంది, ఎందుకంటే తనూ ఒప్పుకోలేదు. మరాండాలో ఆ ఉత్తరం చదివి, చేతిరాత వెనక ఎవరున్నారో పోల్చుకుని, మనంతట మనం జోజో కొండ ఎక్కాలి. వెళ్లమని ఎవరూ అనరు. వెళ్లకపోతే సయాన్ అక్కడే ఉండిపోతాడు.

టెర్రా సంగతి ఇంకా లోతైనది. ఆట ఆమెతోనే మొదలైంది. సగం మనిషి, సగం ఎస్పర్. అందరికంటే బలమైన మంత్రగత్తె. మోబ్లిజ్ ఊళ్లో ఆమెను చూసేసరికి చుట్టూ అనాథ పిల్లలు ఉంటారు. వాళ్ల పెద్దలు కెఫ్కా కాంతి దెబ్బకు పోయారు. పిల్లలకు తనే అమ్మ. యుద్ధానికి రమ్మంటే రానంటుంది, కత్తి పట్టలేకపోతోంది. ప్రేమంటే ఏమిటో ఇన్నాళ్లూ తెలియదన్న అమ్మాయికి ఇప్పుడు తెలిసింది, దాంతో పోరాడే ధైర్యం పోయింది. మొదటిసారి ఆమెను అక్కడే వదిలి రావాల్సిందే. పెద్ద హీరోని ఆట ఇలా పక్కన కూర్చోబెట్టడం చూసి విసుక్కునేవాళ్లు ఉంటారు. నా మటుకు ఆమె కాదన్నందువల్లే, రెండోసారి వెళ్లినప్పుడు పిల్లల కోసమే పోరాడతానని లేచి రావడానికి అంత బరువు వచ్చింది.

లాక్ ఒకప్పుడు కాపాడలేకపోయిన రేచెల్‌ని బతికించుకోవాలని ఫీనిక్స్ గుహలో నిధి కోసం వెతుకుతుంటాడు. రెల్మ్ తాత స్ట్రాగో, మనవరాలు చనిపోయిందనుకుని కెఫ్కాని కొలిచే గుంపులో చేరి, ఆ గుంపుకి చెందిన వేరే గోపురం చుట్టూ తిరుగుతుంటాడు. రెల్మ్ ఎదురుపడితే తప్ప ఆ మత్తు వదలదు. ఒకరిని వెతికితే ఇంకొకరు దొరికే గొలుసు ఇది.

చివర్లో మూడు గుంపులుగా విడిపోయి కెఫ్కా గోపురం ఎక్కాలి. పైన కెఫ్కా అడిగేదీ ఆ ప్రశ్నే: అన్నీ నాశనమయ్యేవే అయితే కట్టుకోవడం ఎందుకు, ప్రేమించడం ఎందుకు? దానికి మనవాళ్లు ఒక్కొక్కరూ తమకు దొరికిన జవాబు చెప్తారు. వెతికి తెచ్చుకున్నవాళ్లే చెప్పగలరు. ముగ్గురితో వెళ్తే మూడు జవాబులే వినిపిస్తాయి, తర్వాత వచ్చే ముగింపు దృశ్యాల్లో కూడా మిగతావాళ్ల కథలు ఉండవు. అంచు మీద ఆగి బతికించుకున్న షాడో అక్కడి దాకా మనతో వస్తే, గోపురం కూలేటప్పుడు కుక్కని మాత్రం బయటికి పంపేసి, తను వెనకే ఉండిపోతాడు. ఈసారి ఆగాలా వద్దా అన్న ఎంపిక మనకు ఇవ్వరు, అది అతనిది.